దీపం క్రింద గాలం

ముందు చేప పేరు సంగతి చెప్పి గాని ముందుకు పోలేను. అది తెలుగు పండితుల జాడ్యం. అమెరికా మంచినీటి సరస్సులలో పెరిగే ‘క్రాపీ’కి తెలుగులో పేరు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, అది మన నీళ్ళలో పుట్టిన చేప కాదు. ఆంగ్లాక్షరాలను చూచి చదివితే నోటికి ‘క్ర్యాపీ’ అని వస్తుంది. ఆ ఉచ్చారణ ఆ భాషలో ఒక మోటుమాటకు మఱీ దగ్గఱ. అందుకే కాబోలు, దక్షిణ రాష్ట్రాల వేటగాండ్రు ‘క్రాపీ’ అనే పలుకుతారు. కెనడా ఫ్రెంచివారి ‘క్రాపే’ దీనికి మూలం. లూసియానాలో దీనినే ‘సాకలే’ అంటారు. ఫ్రెంచిలో దానికి పాలసంచి అనే అర్థం వస్తుంది. మాంసం తెల్లగా ఉంటుంది కాబట్టి అర్థం కుదిరిందనే అనిపిస్తుంది. కాని ఫ్రెంచివారికంటె ముందునుండీ ఆ గడ్డమీద ఉన్న చోక్తా జాతివారి భాషలో ఒక రకపు చేపకు ‘సక్లి’ అనే మాట ఉన్నదనీ, దానిని ఫ్రెంచి చెవులు తమకు తెలిసిన పాలసంచిగా దిద్దుకొన్నాయనీ చెబుతారు. పరాయిమాటను తెలిసినమాటగా దిద్దుకొనే అలవాటు మన పల్లెల్లోనూ కావలసినంత ఉన్నది కాబట్టి నాకిది నమ్మదగినదిగానే తోచింది.

ఇందులో తెల్లక్రాపీ, నల్లక్రాపీ అని రెండు జాతులు. తెల్లదానికి ప్రక్కలమీద నిలువుచారలు, నల్లదానికి చెదరిన చుక్కలు. రాత్రివేళ రంగులను నమ్మలేము కాబట్టి వీపురెక్క మీది ముండ్లు లెక్కపెట్టాలి: తెల్లదానికి సాధారణంగా ఆఱు, నల్లదానికి ఏడో ఎనిమిదో. రెండూ బల్లపరుపుగా, అరచేతిని నిలువుగా పట్టినట్లు ఉంటాయి. పెద్ద చేప కాదు. తెల్లక్రాపీలో ప్రపంచ రికార్డు 1957లో మిసిసిపీ రాష్ట్రంలోని ఈనిడ్ ఆనకట్ట వద్ద దొరికిన 5 పౌండ్ల 3 ఔన్సుల చేప. నల్లక్రాపీలో 2018లో టెనెసీ రాష్ట్రంలో పడిన 5 పౌండ్ల 7 ఔన్సులది. అంత పేరుపొందిన సరస్సులన్నీ ఉండగా అది ఒక కుంటలో పడింది. మామూలువానికి గాలానికి చిక్కేది మాత్రం ముప్పాతిక పౌండు, మహా అయితే పౌండు.

ఇక అసలు విషయం. మా అబ్బాయి ఉండేది డల్లాసు నగరపు శివారులో. నేను అక్కడ గడిపిన వేసవులలో రాత్రిపూట సరస్సుకు పోయి దీపం వెలుగులో క్రాపీలను పట్టడం నేర్చుకొన్నాను. ఆ ఛాయాచిత్రాలు చూచి, కాకినాడ ప్రక్క సముద్రతీరపు పాఠశాలలో నాతో కలిసి పనిచేసిన మిత్రుడు ఫోనులో నిలదీశాడు. “ఏం మాస్టారూ, ఇక్కడ దీపం పెట్టి చేపలు పట్టడం నేరమని మీకు తెలియనిదా? మన పిల్లలకు అది తప్పని చెప్పినవారు, సముద్రం దాటగానే మీరే దీపం పట్టుకొని కూర్చున్నారా?” అన్నాడు. ప్రశ్న న్యాయమైనది. 2017 నవంబరులో కేంద్రప్రభుత్వం మన ప్రత్యేక ఆర్థిక మండలపు సముద్రజలాలలో ఎల్.ఇ.డి. వంటి కృత్రిమ దీపాలతో చేపల వేటను నిషేధించింది. జనరేటర్లు పెట్టి పెనుకాంతి క్రుమ్మరించి, చేరిన గుంపునంతటినీ చుట్టువలతో ఒక్కసారిగా ఎత్తివేసే పద్ధతివలన తల్లీపిల్లా తేడా లేకుండా సముద్రం ఖాళీ అవుతుందని సంప్రదాయ మత్స్యకారులు మొఱపెట్టుకొన్న ఫలితమది. ఆ నిషేధం సరియైనదనే నేను ఇప్పటికీ అంటాను. అయినా టెక్సస్ సరస్సులో దీపం పెట్టడం తప్పు కాదని కూడ అంటాను. ఈ రెండింటికీ పొత్తు కుదుర్చుటకే ఈ టపా. పనిలోపనిగా, అక్కడ ఉన్న మనవారెవరైనా ఈ వేట మొదలుపెట్టదలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచినది చెబుతాను.

దీపం ఏమి చేస్తుందో ముందు చూడాలి. దీపం చూచి క్రాపీ వస్తుందనుకొంటాము. నేరుగా రాదు. కంటికి ఆనని నీటి సూక్ష్మజీవులు వెలుగువైపు చేరుతాయి, గాలిలోని పురుగులు వచ్చి నీళ్ళమీద రాలుతాయి. వాటికోసం షాడ్ అనే చిఱుచేపలు గుంపుగా వచ్చి దీపం చుట్టూ ప్రదక్షిణం చేస్తాయి. షాడ్ అంటే పరాయిది కాదు, మన పులసకు దూరపు చుట్టమే. అక్కడ మాత్రం దానికా గౌరవం లేదు, ఎఱగానే దాని బ్రతుకు. ఆ షాడ్‌ల కోసం అన్నిటికంటె చివర క్రాపీ వస్తుంది. వచ్చినా వెలుగు నడుమకు రాదు. వెలుగూ చీకటీ కలిసే అంచున, కొంచెం లోతున నిలిచి పైకి చూస్తూ ఉంటుంది. దాని కన్ను పెద్దది, మసకవెలుతురులో చక్కగా ఆనుతుంది, చూపు పైవైపుకు ఉంటుంది. ఈ వరుస అంతా ఏర్పడటానికి గంట పట్టవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు. దీపం పెట్టిన పది నిమిషాలకే చేప పడలేదని చోటు మార్చేవాడు ప్రతిసారీ మొదటి మెట్టుమీదనే ఉంటాడు. పొద్దు క్రుంకకముందే చేరి, దీపాలు అమర్చుకొని, కూర్చోవలసినదే. పున్నమినాటికంటె అమావాస్యనాడు దీపానికి విలువ ఎక్కువ. ఆకాశమంతా వెలుగైతే మన దీపాన్ని లెక్కచేసే పురుగు ఉండదు.

వేసవి రాత్రులే దీనికి అనువు. వసంతంలో నీళ్ళు వెచ్చబడుతూండగా గ్రుడ్లుపెట్టే కాలంలో క్రాపీలు ఒడ్డుదాపుకు వస్తాయి, అప్పుడు పగలే పడతాయి, దీపంతో పనిలేదు. ఎండలు ముదిరితే లోతుకు పోతాయి. ఇక్కడ మన కొల్లేరు అనుభవం పనికిరాదు. కొల్లేరు లోతులేని సరస్సు, గాలికి అడుగువఱకూ కలిసిపోతుంది. డల్లాసుకు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ జలాశయం చూడండి: 1980లో ఆనకట్ట పూర్తయినది, 27 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణం, లోతైనచోట 70 అడుగులు. ఇటువంటి నీళ్ళు వేసవిలో పొరలుగా విడిపోతాయి. పైన వెచ్చని పొర, అడుగున చల్లనిది. అడుగుపొరలో ప్రాణవాయువు తఱిగిపోతుంది కాబట్టి చేప అక్కడ నిలువలేదు. వేడికి జడిసి దిగినది ఊపిరికోసం ఆ రెండు పొరల సరిహద్దుకు పైననే ఆగిపోతుంది. మునిగిన చెట్లు, వంతెన స్తంభాలు ఆ లోతులో ఎక్కడ ఉంటే అక్కడ గుమికూడుతుంది. రాత్రి దీపం ఆ గుంపును ఇంకొంచెం పైకి రప్పిస్తుంది. ఆ కొంచెమే మనకు కావలసినది.

సామాగ్రి గుఱించి చాలామంది చాల వ్రాస్తారు. నేను కొద్దిలో ముగిస్తాను. సన్నని తేలికపాటి గాలపుకొయ్య ఒకటి, నాలుగు నుండి ఎనిమిది పౌండ్ల బలం గల దారం, సన్నతీగె కొక్కేలు, చిన్న సీసపుగుండ్లు, జారుబెండు. సన్నతీగె కొక్కెం ఎందుకంటే, మునిగిన కొమ్మకు తగులుకొన్నప్పుడు మెల్లగా లాగితే కొక్కెమే సాగి వదలివస్తుంది, దారం తెగదు. జారుబెండు మన ఊళ్ళ నెమలియీక బెండు వంటిదే, దారం వెంట జారుతుంది. దారానికి వేసిన చిన్న ముడి దగ్గఱ ఆగుతుంది కాబట్టి కావలసిన లోతును ప్రతిసారీ తప్పక అందుకోవచ్చు. ఎఱకు బ్రతికిన మిన్నో చేపపిల్లలు, పెదవికి గాని వీపురెక్క క్రింద గాని గ్రుచ్చాలి. దీపానికి ఒకప్పుడు కోల్‌మన్ లాంతరును పడవ అంచున వ్రేలాడదీసేవారట. అది మన పెట్రోమాక్సుకు తమ్ముడు. ఇప్పుడు నీళ్ళలో ముంచే ఆకుపచ్చ ఎల్.ఇ.డి. గొట్టం బ్యాటరీకి తగిలిస్తే చాలు.

లోతు విషయంలో ఒక్క మాట. చేప పైకి చూస్తుంది కాబట్టి ఎఱ దానికి పైన ఉండాలి. క్రిందకు దింపితే దాని కంట పడదు. ఒకటి పడినచోటనే, ఆ లోతులోనే, రెండవది ఉంటుంది. ఇక చేప ఎఱను అందుకొన్నప్పుడు బెండు మునుగుతుందని కాచుకొని కూర్చుంటే సగం చేపలు పోతాయి. క్రాపీ క్రిందినుండి వచ్చి ఎఱతో పైకి లేస్తుంది. సీసపు బరువు తేలిపోయి, నిలుచున్న బెండు మెల్లగా ప్రక్కకు పడుకొంటుంది. నాకు గాలం నేర్పిన వృద్ధుడు, మా అబ్బాయి వీథిలోనే ఉండే విశ్రాంత రైల్వే ఉద్యోగి, దీనిని చూపించినప్పుడు ఆయన చేయి కదలనేలేదు, మణికట్టు మాత్రం లేచింది. దీని నోటి అంచు కాగితమంత పలుచన. ‘కాగితపునోరు’ అనే మారుపేరే ఉన్నది. కొఱ్ఱమీనును లాగినట్లు లాగితే కొక్కేనికి నోరు చిరిగి మిగులుతుంది, చేప మిగలదు. మెల్లగా ఎత్తి చేతివలలోనికి తీసుకోవాలి.

క్రొత్తవాడు పడవతో మొదలుపెట్టరాదని నా అభిప్రాయం. లేక్ ఫోర్క్ వంటి జలాశయంలో ఆనాటి అడవిని నఱకకుండ చాలావఱకు నీళ్ళలోనే వదలినారు. పగలే చూచుకొని నడపవలసిన ఆ మోళ్ళ మధ్య రాత్రి క్రొత్తవానికి చోటు లేదు. ముందు ఒడ్డుననున్న వేటబల్ల మేలు. టెక్సస్ రాష్ట్ర ఉద్యానవనాలలో ఒడ్డునుండి గాని వేటబల్లమీదనుండి గాని గాలం వేసేవారికి లైసెన్సు అక్కఱలేదు. కొన్నిటిలో గాలపుకొయ్యలు అరువు కూడ ఇస్తారు. లేక్ బాబ్ శాండ్లిన్ ఉద్యానవనంలో దీపాలు పెట్టిన వేటబల్లయే ఉన్నది. దీపం కూడ మనం మోసుకొనిపోనక్కఱలేదు. అయితే పగటి సందర్శకులు రాత్రి పది గంటలకు వెళ్ళిపోవాలి కాబట్టి, గుడారానికి చోటు ముందుగా తీసుకొని ఆ రాత్రి అక్కడే ఉండాలి. పిల్లలతో పోవడానికి ఇంతకంటె మంచి పద్ధతి నాకు కనిపించలేదు. మా మనుమడు బెండు పడుకొనేవఱకు రెండు గంటలు నోరు మెదపకుండ కూర్చున్నాడు, బడిలో వాని ఉపాధ్యాయులు విన్నా నమ్మరు.

పడవ ఎక్కే రోజు వస్తే, నిపుణునితో ఎక్కండి. లంగరు ముందూ వెనుకా రెండు వేయాలి, లేకుంటే పడవ గాలికి గిఱగిఱ తిరిగి దీపపువలయమే చెదరిపోతుంది. నిలిచిన పడవమీద నలుదిక్కులకూ కనబడే తెల్లదీపం వెలగాలి. ఇది చేపకోసం కాదు, ఎదురుగా వచ్చే పడవవానికోసం. తేలుడు చొక్కాను కూర్చునే పీటగా వాడుకోవడం మనవారిలో చూచాను. చీకటిలో నీళ్ళలో పడినవానికి పీట అందదు.

ఇప్పుడు మిత్రుని ప్రశ్నకు వస్తాను. టెక్సస్‌లో సాధారణ నియమం: ఒక మనిషికి ఒక రోజుకు తెల్లవీ నల్లవీ కలిపి 25 క్రాపీలు, ఒక్కొక్కటి 10 అంగుళాలకు తగ్గరాదు. అంటే మన జానకు అంగుళం మించి. నోరు మూసి, తోక కొసలు రెండూ దగ్గఱకు నొక్కి కొలవాలి. తగ్గినది నీళ్ళలోకే. ఒడ్డు చేరేవఱకు తల, తోక కోయరాదు, కొలవడానికి వీలుండాలి కాబట్టి. మన సముద్రంలో దీపం వెనుక నిలిచినది వల. ఇక్కడ దీపం వెనుక నిలిచినది కొలబద్ద. గాలం ఒక్కసారికి ఒక్క చేపనే అడుగుతుంది, ఆ ఒక్కదానిని చేతబట్టుకొని ఉంచుకోవాలా విడువాలా అని ఆలోచించే అవకాశం ఇస్తుంది. చుట్టువలకు ఆ క్షణం లేదు. కాబట్టి నేరం దీపానిది కాదనే నా వాదం. రెండుచోట్లా వెలుగు ఒకటే. లెక్క ఉన్నచోట అది వేడుక, లెక్క లేనిచోట అది దోపిడి.

మిత్రుడు అంతటితో వదలలేదు. “విడిచిన చేప బ్రతుకుతుందని మీకేం తెలుసు?” అన్నాడు. అదీ సరియైన ప్రశ్నే. బాగా లోతునుండి ఒక్కసారిగా లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బుతుంది. విడిచినా మునగలేక పైననే తేలి చస్తుంది. దీనికి జవాబుగానే లేక్ ఫోర్క్‌లో ఒక వింత నియమం పెట్టారు. డిసెంబరు 1 నుండి ఫిబ్రవరి చివరివఱకు క్రాపీలు బాగా లోతున ఉంటాయి కాబట్టి, ఆ మూడు నెలలూ పొడవుతో పనిలేదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకొని తీరవలసినదే. చిన్నవి విడుస్తూ పెద్దవి ఏరుకోవడం కుదరదు, ఇరవైయయిదు నిండగానే గాలం చుట్టుకోవాలి. చేప శరీరమెఱిగినవాడు వ్రాసిన చట్టమిది. చట్టాలలో ఇంత ఇంగితం అరుదుగా చూచాను. దీపపు వేటకు ఇందులో ఒక పాఠముంది: వేసవిరాత్రి దీపం పెట్టి, ఓపిక పట్టి, గుంపును పైకి రానిచ్చి తక్కువ లోతులో పట్టితే, విడిచిన పిల్లచేప బ్రతికే అవకాశం ఎక్కువ. తొందరపడి ముప్పై అడుగులకు దింపేవాడు పిల్లచేపలను విడుస్తున్నాననుకొంటాడే గాని, నీళ్ళమీద శవాలనే వదులుతున్నాడు.

మనవారి గుఱించి ఒక కటువైన మాట చెప్పక తప్పదు. పదిమంది కలిసి పోతారు. అందులో గాలం వేసేది ముగ్గురు. మిగిలినవారు ఒడ్డున పేకాడుతూనో కారులో నిద్రపోతూనో ఉంటారు. తెల్లవారి చూస్తే మంచుపెట్టెలో నూటయాభై చేపలు! అడిగితే “పదిమందిమి ఉన్నాము కదండీ, లెక్క సరిపోయింది” అంటారు. పరిమితి పట్టినవానిది, ప్రక్కన ఉన్నవానిది కాదు. దీనిని తెలివి అనుకొనేవారితో నేను ఏకీభవించలేను. ఉద్యానవనం వెలుపల గాలం పట్టే పదునేడేండ్లు నిండిన ప్రతివానికీ లైసెన్సు ఉండాలి. చూడవచ్చిన అమ్మానాన్నలు ‘ఊరికే పట్టుకొని కూర్చున్నాము’ అంటే గేమ్ వార్డెన్ ఒప్పుకోడు; అక్కడి నివాసులకుండే వృద్ధుల రాయితీ మనబోటి అతిథులకు వర్తించదు. ఏడాది లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి జూలైలో విమానం దిగిన తల్లిదండ్రులకు ఒక్కరోజు లైసెన్సే లాభం. ఆ రుసుము ఎక్కడికి పోతుందని విసుక్కోనక్కఱలేదు. 1950లో వచ్చిన కేంద్రచట్టం ప్రకారం గాలాలమీదా కొయ్యలమీదా వసూలయ్యే పన్ను కూడ తిరిగి రాష్ట్రాల చేపల పోషణకే చేరుతుంది. చేపలు దాగడానికి శాఖవారు ముంచిన కొమ్మలపోగులు ఏ సరస్సులో ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో సహా వారే ప్రకటిస్తారు. మనకు ఇంతకంటె చేయగలిగినది ఏముంది?

ఇటీవల మఱొక తగవు బయలుదేఱినది. పడవ ముందు నీళ్ళలో ఏ చేప ఎటు తిరుగుతున్నదో సినిమాలా తెరమీద చూపే సోనార్ యంత్రాలు 2018 నుండి వాడుకలోకి వచ్చాయి. ఖరీదు వేల డాలర్లు. దానితో ఒక్కొక్క పెద్దచేపను గుఱిచూచి పట్టవచ్చు. నిషేధించాలనేవారు ఉన్నారు, వేడుక చేసుకొనేవారూ ఉన్నారు. పరిమితి మీఱనంతవఱకు దానిని నేరమనలేను. కాని క్రొత్తగా నేర్చుకొనేవానికి అది పాఠం కాదు, ప్రశ్నల వెనుకపుటలో అచ్చువేసిన జవాబు. సూక్ష్మజీవి వెనుక పురుగు, పురుగు వెనుక షాడ్, షాడ్ వెనుక క్రాపీ, ఈ వరుసను తన కన్నులతో చూచినవాడు సోనార్ లేని చెఱువులో కూడ చేపను వెదకగలడు. తెఱను చూచి నేర్చినవాడు బ్యాటరీ అయిపోతే ఇంటికి రావలసినదే.

తిరుగు ప్రయాణానికి ముందు పడవలోని నీళ్ళూ, సరస్సులో ముంచుకొన్న ఎఱబక్కెట్టులోని నీళ్ళూ అక్కడే పారబోయాలి. జీబ్రా ఆల్చిప్పలనే చీడ ఆ నీళ్ళతో ఒక సరస్సునుండి మఱొకదానికి పాకుతున్నది కాబట్టి టెక్సస్ అంతటా 2014 నుండి ఇది తప్పనిసరి.

వంట సంగతి అడుగుతారని తెలుసు. అక్కడివారు ముల్లు తీసిన పలుచని ముక్కలను మొక్కజొన్నపిండిలో పొరలించి నూనెలో వేయిస్తారు. మా కోడలు తొలిసారి చింతపండు పులుసు పెట్టింది. క్రాపీ మాంసం మెత్తన, పులుసులో నిలబడలేదు, ముక్క విడిపోయింది. రెండవసారి కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద, కొంచెం బియ్యప్పిండి పట్టించి పెనంమీద వేపుడు చేసింది. ఆనాడు మా ఇంట ఇరవైయయిదు లేవు, తొమ్మిదే ఉన్నాయి, అయిదుగురికి సరిపోయాయి.